చీమకుర్తి రాయిని కదిలించింది లైసెన్సు రద్దా, రూపాయి ధరా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గ్రూప్-1కి చదువుతున్నానన్నావు. 1991 సంస్కరణలంటే సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అని మూడు మాటలు రాసి వదిలేస్తున్నారన్నావు. మీ తాత రామతీర్థం దగ్గర క్వారీలో మేస్త్రీగా చేశాడనీ, పీవీ లైసెన్సులు ఎత్తేశాకే చీమకుర్తి రాయి పైదేశాలకు పోయిందని అంటాడనీ రాశావు. ఒంగోలు, నెల్లూరు వైపు నిజంగా మారిందేంది అని అడిగావు.

నేను 1988 నుంచి ఒంగోలులో ఎగుమతి కాయితాలు రాసి బతికినవాణ్ణి. మొదట ఒక గ్రానైట్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. తర్వాత సొంతంగా రాయి, రొయ్య, పొగాకు ఎవరిదైనా సరే షిప్పింగ్ బిల్లులు, బ్యాంకు పేపర్లు చూసిపెట్టేవాణ్ణి. ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. కానీ ఆ మార్పులన్నీ నా బల్ల మీద నుంచే పోయాయి. నాకు తెలిసినంతలో మీ తాత చెప్పిన సంవత్సరం సరిగ్గానే ఉంది. కారణం దగ్గరే కాస్త పొరపాటు పడ్డాడు.

ముందు లైసెన్సు సంగతి చూద్దాం. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ఢిల్లీ అనుమతి కావాలి. 1991 జూలై 24న వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ దీన్ని తీసేసింది. ప్రభుత్వ రంగానికే కేటాయించిన పరిశ్రమలు 17 నుంచి 8కి తగ్గాయి. పెద్ద కంపెనీలను కట్టేసిన 100 కోట్ల ఆస్తి పరిమితి పోయింది. 34 ముఖ్య పరిశ్రమల్లో విదేశీ వాటా 51 శాతం దాకా ఆటోమేటిక్‌గా రావచ్చన్నారు. పరిశ్రమల శాఖ పీవీ దగ్గరే ఉన్నా ఆ కాగితాన్ని సభలో పెట్టింది సహాయ మంత్రి పి.జె. కురియన్. అదే రోజు సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్. అందరి కళ్లూ బడ్జెట్ మీదే ఉన్నాయి కాబట్టి ఈ మార్పు పెద్ద గొడవ లేకుండా జరిగిపోయింది.

ఇప్పుడు మన జిల్లాకి రా. చీమకుర్తిలో ఒక కటింగ్, పాలిషింగ్ యూనిట్ పెట్టడానికి ఆ రోజుల్లో కోటి, రెండు కోట్లు. రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంటు అయినా అంతే. 1988లోనే, పెద్ద కంపెనీల జాబితాలో లేనివాళ్లకి వెనుకబడిన ప్రాంతాల్లో 50 కోట్ల దాకా, మిగతా చోట్ల 15 కోట్ల దాకా, కొన్ని షరతులతో, లైసెన్సు అక్కర్లేదని తేల్చేశారు. యంత్రాల మీద 1991 నాటికి 60 లక్షల లోపు పెట్టుబడి ఉంటే చిన్నతరహా పరిశ్రమ కింద జిల్లా పరిశ్రమల కేంద్రంలో రిజిస్టర్ చేయించుకుంటే సరిపోయేది. ఇక క్వారీ లీజు ఎప్పుడూ రాష్ట్ర గనుల శాఖ చేతిలోనిదే. తవ్విన రాయి మీద రుసుము, అదే సీనరేజీ, కట్టాల్సింది వాళ్లకే. ఢిల్లీలో లైసెన్సు పోతే రామతీర్థంలో లీజు ఫైలు ఒక్క అంగుళం కూడా కదల్లేదు. ఆ మాటకొస్తే మనవాళ్లు క్వారీలు తవ్వడం, బ్లాకులు మద్రాసు పోర్టుకు తోలడం 1980ల్లోనే మొదలైంది.

ఇంకో తమాషా. లైసెన్సు ఉంచేసిన ఆ 18 పరిశ్రమల్లో సిగరెట్లు ఉన్నాయి, పేలుడు పదార్థాలు ఉన్నాయి, చక్కెర ఉంది. మన పొగాకు, మన క్వారీలో పెట్టే మందు, కోవూరు చక్కెర ఫ్యాక్టరీ అన్నీ పాత పట్టికలోనే మిగిలాయి. పుస్తకాల్లో ఇది ఎవరూ రాయరు.

మరి రాయి ఎందుకు కదిలింది? దీనికి కాస్త వెనక్కి పోవాలి.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీదికి పోయింది. చమురు ధర ఎగిరింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది, మనవాళ్లు లక్షన్నర మందికి పైగా కువైట్ నుంచి తిరిగొచ్చారు. ప్రవాసులు మన బ్యాంకుల్లో పెట్టిన డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతికి సరిపడా డాలర్లే మిగిలాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం మే నెలలో 20 టన్నుల బంగారం స్విస్ బ్యాంకుకు, మళ్లీ కొనుక్కునే షరతు మీద, అమ్మింది. జూలైలో కొత్త ప్రభుత్వం దాదాపు 47 టన్నులు ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. పెళ్లి నగలు తాకట్టు పెట్టి ఎరువుల అప్పు తీర్చే ఇల్లు మన పల్లెల్లో ఎన్ని చూడలేదు! ఇదీ అదే, కాకపోతే విమానంలో పోయింది.

మా ఆఫీసుకు ఆ కరువు ఎలా తెలిసిందో చెబుతాను. రాయి కోసే బ్లేడుకు వజ్రపు సెగ్మెంట్లు అతికిస్తారు. అవి అరిగిపోతే బ్లేడు రాయి మీద జారుతుందే తప్ప కొయ్యదు. మంచి సెగ్మెంట్లు బయటి నుంచే రావాలి. 1991 ఏప్రిల్‌కల్లా రిజర్వు బ్యాంకు చాలా దిగుమతులకు 200 శాతం మార్జిన్ పెట్టింది. అంటే లక్ష రూపాయల సరుకు తెప్పించుకోవాలంటే ముందు రెండు లక్షలు బ్యాంకులో కట్టి కూర్చోవాలి. వడ్డీ లేదు. మా ఓనరు గారు నలుగురిని అడిగి, మద్రాసులో ఎవరి దగ్గరో వాడేసిన సెగ్మెంట్లు కొనుక్కొచ్చి అతికించి నడిపించారు. పాలిష్ మీద గీతలు పడ్డాయి. కొనేవాడు రేటు కోశాడు. పారిశ్రామిక సంక్షోభం అనే మాటకి నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ గీతలే.

జూలై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26 దాకా పోయింది. మూడు రోజుల్లో. జూన్ చివరి వారంలో మేము 40 వేల డాలర్ల బిల్లు ఒకటి పాత రేటుకే బ్యాంకులో మార్చుకుని ఉన్నాం. ఆ పని చేసింది నేనే, త్వరగా డబ్బు చేతికొస్తుందని. ఓ వారం ఆగి ఉంటే రెండు లక్షలు ఎక్కువ. ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. రెండు రోజులు అసలు మాట్లాడనేలేదు, అదే టెన్షన్.

కానీ ఆ తర్వాత పోయిన ప్రతి కంటైనరుకీ అదే రాయి, అదే డాలరు ధర, చేతికి వచ్చే రూపాయలు మాత్రం పావువంతు ఎక్కువ. లక్ష డాలర్లకి 21 లక్షలు వచ్చేచోట 26 లక్షలు. కూలీ, డీజిలు, సీనరేజీ అన్నీ రూపాయల్లోనే. అవి కూడా పెరిగాయిలే, ఆ ఆగస్టుకి టోకు ధరలు 16 శాతం పైన మండుతున్నాయి. అయినా మిగులు కనిపించింది. మనది దిగుమతి ముడిసరుకు మీద నడిచే పరిశ్రమ కాదు. రాయి మన భూమిలోది, ఖర్చు మన రూపాయల్లోది, రాబడి వాళ్ల డాలర్లలోది. విలువ తగ్గింపు ఇలాంటి పరిశ్రమకు కలిసొచ్చినట్టు బొంబాయిలో విడిభాగాలు తెచ్చి బిగించే ఫ్యాక్టరీకి కలిసిరాలేదు.

జూలై 4న వాణిజ్య మంత్రి చిదంబరం ఎగ్జిమ్ స్క్రిప్‌లు ప్రకటించారు. ఎగుమతిదారులకు ఇచ్చే నగదు సాయం రద్దు చేసి, దాని బదులు ఎగుమతి విలువలో 30 శాతానికి ఒక కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం ఉంటే అంత విలువకి దిగుమతి చేసుకోవచ్చు, అవసరం లేకపోతే అమ్ముకోవచ్చు. అంతకుముందు కూడా ఇలాంటి లైసెన్సులు ఉండేవి. ఒక్కో సరుక్కి ఒక్కో రేటు, దాని కోసం మద్రాసు ఆఫీసు గుమ్మం ముందు పడిగాపులు. ఇప్పుడు అందరికీ దాదాపు ఒకే లెక్క. మేము ఏడాదికి దిగుమతి చేసేది సెగ్మెంట్లు, కొన్ని స్పేర్లు. మిగిలిన స్క్రిప్‌లు మద్రాసు బ్రోకరుకి ప్రీమియం మీద అమ్మేవాళ్లం. దిగుమతి అనుమతి ఎవరికి ఇవ్వాలన్నది అప్పటిదాకా అధికారి తేల్చేవాడు. ఆ పని బజారు ధర చేతికి పోయిందన్నమాట. నాకు తెలిసి 1991లో అసలు గొప్ప మార్పు ఇదే. ఈ మార్పు బయటికి కనిపించదు.

స్క్రిప్‌లు తొమ్మిది నెలలు కూడా బతకలేదు. 1992 మార్చి 1 నుంచి లెర్మ్స్ అని రెండు రేట్ల పద్ధతి వచ్చింది. వచ్చిన డాలర్లలో 40 శాతం ప్రభుత్వ రేటుకి, 60 శాతం బజారు రేటుకి మార్చాలి. వెయ్యి డాలర్లు వచ్చాయనుకో. 400 డాలర్లు 26 చొప్పున 10,400. మిగతా 600 బజారులో 30 చొప్పున అనుకుంటే 18,000. మొత్తం 28,400. ఈ లెక్క నేను రోజుకి పదిసార్లు వేసేవాణ్ణి. ఆ 40 శాతం మీద పోయే నాలుగు రూపాయలు ఎగుమతిదారు కట్టే కనపడని పన్ను. దాంతోనే ప్రభుత్వం చమురు, ఎరువులు చవగ్గా తెచ్చుకుంది. 1993 మార్చిలో రెండు రేట్లూ కలిపేశారు, డాలరు 31 దాటి నిలబడింది. 1994 ఆగస్టు నాటికి వ్యాపారపు చెల్లింపులకి రూపాయిని స్వేచ్ఛగా మార్చుకునే వీలొచ్చింది.

అదే సమయంలో యంత్రాల దారి తెరుచుకుంది. దిగుమతి సుంకంలో గరిష్ఠ రేటు అంతకుముందు 300 శాతం పైమాటే. 1991 జూలైలో 150, 1992లో 110, ఆ పై ఏడు 85, తర్వాత 65, 1995కి 50. ఎగుమతి చేస్తామని రాసిస్తే యంత్రాలకి ఇంకా తక్కువ. 1992 విధానంలో 15 శాతం సుంకం కట్టి యంత్రం తెచ్చుకోవచ్చు, దాని విలువకి నాలుగు రెట్లు ఐదేళ్లలో ఎగుమతి చేసి చూపించాలి. ఇటలీ నుంచి బ్లాకుల్ని పలకలుగా కోసే గ్యాంగ్‌సాలు, పాలిషింగ్ లైన్లు దిగడం మొదలైంది. దానికి తోడు 1991 బడ్జెట్‌తో వచ్చిన ఫైనాన్స్ చట్టంలో ఓ చిన్న సవరణ ఉంది. ఖనిజాల ఎగుమతి లాభానికి ఆదాయపన్ను మినహాయింపు ఉండేది కాదు. ప్రాసెస్ చేసిన ఖనిజాలకి మాత్రం ఇచ్చారు. కోసి పాలిష్ పెట్టిన గ్రానైట్ పేరు ఆ పట్టికలో ఎక్కింది. ముడి బ్లాకుకి లేదు. పెద్ద విధాన ప్రకటనల కంటే ఆ ఒక్క లైను వల్లే చీమకుర్తిలో పాలిషింగ్ షెడ్లు లేచాయని నేనంటాను. కాదనేవాళ్లూ ఉంటారు. వాళ్లు నా దగ్గర ఆడిటర్ల ఫీజు బిల్లులు చూడలేదు.

అదృష్టం కూడా ఉంది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ అనే రకం చీమకుర్తి చుట్టుపక్కలే దొరుకుతుంది. పోటీ లేని సరుకు చేతిలో ఉన్నవాడికి ఏ విధానమైనా మంచిగానే కనిపిస్తుంది.

అందుకే అదే రూపాయి పొగాకు రైతుకి ఏం చేసిందో చూడమంటాను. టంగుటూరు, కొండపి, పొదిలి వైపు వర్జీనియా పొగాకు కొనే పెద్ద చెయ్యి సోవియట్ యూనియన్. ఆ వ్యాపారం డాలర్లలో కాదు, రూపాయి ఒప్పందాల మీద. 1991 డిసెంబరుకి ఆ దేశమే లేదు. రూపాయి ఎంత చవకైనా కొనేవాడే లేకపోతే ఏం లాభం? బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి, వేలానికి తెచ్చిన బేళ్లు వెనక్కి తీసుకుపోయిన రైతులు నాకు తెలుసు. గూడూరు, సైదాపురం అభ్రకం పరిస్థితి ఇంకా దారుణం. 1970ల నుంచీ దాని ఎగుమతి ప్రభుత్వ మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారానే పోవాలి. దానికీ రష్యానే పెద్ద గిరాకీ. తలుపులు తెరిచే వేళకి బయట కొనేవాడు మాయమయ్యాడు.

వరి రైతు సంగతి చెప్పకపోతే నెల్లూరు వాళ్లు నన్ను ఊళ్లోకి రానివ్వరు. అదే జూలై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు, గొడవైతే ఆగస్టులో 30కి దించారు. 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద నియంత్రణ ఎత్తేశారు. డీఏపీ బస్తా ధర చూసి రైతు యూరియా వైపు తిరిగాడు, యూరియా ధర తగ్గించారు కదా. పెన్నా డెల్టా మళ్లలో పైరు పచ్చగా ఎదిగి పడిపోవడం అప్పటి నుంచి ఎక్కువైందని మా బావ అంటాడు. ఇంకోవైపు బియ్యం ఎగుమతికి తలుపు 1990ల మధ్యలో తెరిచినా, ధర పెరిగిన ప్రతిసారీ మూస్తూనే ఉన్నారు. 2008లో మూసి 2011లో తెరిచారు. 2023 జూలైలో మళ్లీ మూసి 2024 సెప్టెంబరులో తెరిచారు. రాయికి వచ్చిన స్వేచ్ఛ వడ్లకి రాలేదు. నీ జవాబులో ఇది రాస్తే పేపరు దిద్దేవాడు ఒక క్షణం ఆగుతాడు.

రొయ్య కథ వేరు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఉప్పునేలలు 1990ల మొదట్లో చెరువులయ్యాయి. రూపాయి రేటు కలిసొచ్చింది, టైగర్ రొయ్యకి జపాన్ గిరాకీ ఉంది. ఇక్కడ ఇంకో సంస్కరణ పనిచేసింది. అంతకుముందు కంపెనీ షేర్లు జనానికి అమ్మాలంటే ఢిల్లీలో కంట్రోలర్ ధర నిర్ణయించేవాడు. 1992 మేలో ఆ ఆఫీసు ఎత్తేశారు. తర్వాత రెండేళ్లలో ఆక్వా పేరు పెట్టుకున్న కంపెనీలు వరుసగా షేర్లు అమ్మాయి. రొయ్య పిల్ల ఎలా ఉంటుందో చూడనివాళ్లు కూడా కొన్నారు. నేనూ కొన్నాను, పదివేలు. ఏ కంపెనీ అని అడక్కు. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకి చెరువులు పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతం చెరువులకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. నా షేరు కాగితాలు మా మనవరాలు వెనకవైపు బొమ్మలు గీయడానికి పనికొచ్చాయి. పాత కంట్రోలర్ ఉండాల్సిందని నేననను. కానీ అతన్ని తీసేసినప్పుడు అతని బదులు జనానికి అసలు సంగతి చెప్పేవాడెవడూ సిద్ధంగా లేడు. షేర్ల బజారు మీద కన్నేసి ఉంచే సెబీకి చట్టబద్ధమైన అధికారం వచ్చిందే 1992లో, అప్పటికింకా పసిబిడ్డ.

సంక్షోభం వస్తే సంస్కరణ దానంతటదే వస్తుందా అని కూడా అడిగావు, శ్రీలంకని తలుచుకుని. రాదు. 1966 జూన్ 6న కూడా రూపాయిని 4.76 నుంచి 7.50కి తగ్గించారు. దిగుమతులు కాస్త వదులు చేశారు. వరుస కరువు, ఆశించిన విదేశీ సాయం పూర్తిగా రాకపోవడం, అందరూ తిట్టడం. మూడు నాలుగేళ్లలో పాతదానికంటే బిగుతుగా మళ్లీ కట్టేశారు. 1991లో నిలబడటానికి కారణం, రూపాయి తగ్గించిన దాదాపు మూడు వారాల్లోనే వ్యాపార విధానం, పరిశ్రమ విధానం, బడ్జెట్ మూడూ కలిసి రావడం. వెనక్కి తిప్పాలంటే ఒక్కటి తిప్పితే చాలదు. ఈలోపు స్క్రిప్ అమ్ముకుని డబ్బు చూసిన మా ఓనరు లాంటివాళ్లు దేశమంతా తయారయ్యారు. 1994 మార్చికి విదేశీ మారక నిల్వలు 1,900 కోట్ల డాలర్లు దాటాయి, వెనక్కి పోదామనే మాటకి బలం పోయింది. అయినా అన్నీ జూలైలోనే అయిపోలేదు. వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమితులు పూర్తిగా పోవడానికి 2001 ఏప్రిల్ దాకా పట్టింది, అదీ ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా కేసు వేసి గెలిచాక. చిన్నతరహాకి కేటాయించిన వస్తువుల జాబితాలో చివరి 20 తీసేసింది 2015లో.

ఇప్పటి సంగతి ఒక్క ముక్క. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే నెల్లూరు చెరువు గట్టు మీద రొయ్య ధర ఆ వారమే పడింది. పొగాకుకి రష్యా ఎలాగో రొయ్యకి అమెరికా అలా అయింది. 1991 మనకు బయటికి దారి చూపించింది. ఎంతమంది కొనేవాళ్లని పెట్టుకోవాలన్నది మన పని, అది మనం సరిగ్గా చెయ్యలేదు.

మీ తాతని ఒక్కటి అడుగు. క్వారీలో సుత్తి, ఉలి తగ్గి కంప్రెసర్లు, డెరిక్ క్రేన్లు, తీగతో రాయి కోసే వైర్‌సా ఏ సంవత్సరం వచ్చాయో గుర్తుందా అని. ఏ పండగ ముందో, ఏ తుఫాను తర్వాతో అని చెబుతాడు, ఆయన వయసువాళ్లకి సంవత్సరాలు అలాగే గుర్తుంటాయి. 1990 మే తుఫాను ఒక గుర్తు, 1996 నవంబరు తుఫాను ఇంకో గుర్తు. ఆయన చెప్పిన ఏడు నేను పైన రాసిన సుంకాల్లో ఏ అంకె దగ్గర పడుతుందో చూసి నాకు రాయి.